ఈత రాదని రాసిచ్చిన కాయితం

కొంగరకలాన్ కలెక్టరేట్‌లో మనోజకు ఒక పేరుంది. ఆమె నింపిన దరఖాస్తు వాపసు రాదని అంటారు. రెండేళ్లుగా అక్కడ అవుట్‌సోర్సింగ్ మీద డాటా ఎంట్రీ చేస్తోంది. ఏ గడీ ఖాళీగా వదలదు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లను కూడా "ఇంకేం కాయితాలున్నయ్, సంచి మొత్తం దులుపుండ్రి" అని అడిగి, ఉన్నవన్నీ జతచేసి పంపుతుంది. ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. అందుకని కరెంటు మీటరు పేరు మార్పు మొదలుకొని నాయిన సావు సర్టిఫికెట్ దాకా ఇంటి కాయితాలన్నీ ఆమె నెత్తి మీదే.

అన్న పరమేష్‌ను రష్యాకు పంపిన ఫారం కూడా ఆమే నింపింది.

అది పోయిన ఎండాకాలం సంగతి. ఇబ్రహీంపట్నం చెరువులో నీళ్లు అడుగంటి చేపల వేట బందైంది. పరమేష్ నెల రోజులు ఒక కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ డ్యూటీ చేసి, నిలబడీ నిలబడీ కాళ్లు వాచి మానేశాడు. అప్పుడు తగిలాడు ఏజెంటు. పట్టాళం వాళ్ల గోదాముల్లో మూటలు ఎక్కించుడు దించుడు పని, తుపాకి ముట్టే మాటే లేదన్నాడు. ఫారంలో "ఇతర నైపుణ్యాలు" అని ఒక గడి ఉంది.

"ఏం రాయాలన్నా?" అంటే పరమేష్ నవ్వాడు. "చేపలు పట్టుడు తప్ప నాకేమొస్తది? నీ ఇష్టమొచ్చింది రాసుకో."

మనోజ గడి ఖాళీ ఉంచలేదు. ఈత, పడవ నడపడం, వల విసరడం అని రాసింది. ఉత్తగా రాస్తే ఎవరు నమ్ముతారని సంఘం కాయితం కూడా జతచేసింది. చేపలు పట్టేవాళ్ల సంఘంలో సభ్యత్వం కావాలంటే ఊరికే రాదు. ఆఫీసర్ల ముందర చెరువులో దూకి ఈదాలి, వల విసరాలి, చినిగిన వల అల్లి చూపాలి. మూడేళ్ల కింద ఆ పరీక్షలో పరమేష్ అందరికంటే ముందు నిలిచాడు. గుండ్రటి ముద్ర ఉన్న ఆ సర్టిఫికెట్‌ను ఇంగ్లీషులోకి రాయించి, స్కాన్ చేసి, ఆఖరి పేజీగా పెట్టింది. పరమేష్ చూడనే లేదు. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేశాడు.

పరమేష్ పోయిన మూడు నెలలకే గోదాములు లేవని, చేతికి తుపాకి ఇచ్చారని తెలిసింది. అప్పటి నుంచి మనోజ రాయని ఆఫీసు లేదు. మెయిల్ అందింది అని జవాబు వచ్చేది. ఆ జవాబును కూడా ఆమె ఫైలులో పెట్టుకునేది.

జనవరి మూడో వారం, మంగళవారం పొద్దున పది దాటింది. టీవీలో రెండు రోజుల నుంచి ఒకటే మాట. చలికాలపు పెద్ద దాడికి పట్టాళాలు కూడుకుంటున్నాయని, మ్యాపు మీద ఎర్ర బాణాలు వేసి చూపిస్తున్నారు. ఆఫీసులో మనోజ ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"మనోజా, జర ఎవ్వలు లేని కాడికి పో."

"అన్నా!" ఆమె వరండాలోకి ఉరికింది. "ఎవలి ఫోన్ ఇది?"

"సంజీవ అని, బీదర్ పిలగాడు. నాతోనే ఉంటడు. బూట్ల దాచిపెట్టిండు. ఎక్కువసేపు మాట్లాడొద్దు, విను. ఈడ నది ఉంది. ఒడ్డు పొంట గడ్డకట్టింది, నడుమల నీళ్లు పారుతున్నయ్. శుక్రారం అవతలి ఒడ్డు మీద పడుతరట. ఈత వచ్చినోళ్లను ముందట పంపుతరట. మొన్న పోయిన పదిమందిల ఒక్కడు గూడ వాపసు రాలే."

"నువ్వు చెయ్యెత్తలేదు గదా అన్నా?"

"నేనేం చెప్పలేదే. ఆఫీసరు చేతిల నా కాయితమే ఉన్నది. మన సంఘం కాయితం. మన ముద్ర. అది గంత దూరం ఎట్ల వచ్చిందో నాకు సమజైతలేదు."

ఆ కాయితం జతచేసింది తనేనని మనోజ చెప్పాలనుకుంది. పరమేష్ ఆగకుండా చెప్తున్నాడు.

"ఈత రానోళ్లను ఎనుక కందకాలు తవ్వే పనికి పంపుతున్నరు," అన్నాడు పరమేష్. "తర్జుమా చేసేటోడు మంచోడు. ఆ కాయితం తప్పని అదే సంఘమోళ్లు రాసిస్తే, ముద్రేసి, చూపిస్త అంటుండు. నారయ్య పెదబాపును అడుగు. జల్ది."

ఆ సాయంత్రమే తల్లి బుగ్గమ్మను వెంటబెట్టుకొని నారయ్య ఇంటికి పోయింది. నారయ్య సంఘానికి అధ్యక్షుడు. మనోజ నాయినకు వరుసకు అన్న. అరుగు మీద కూర్చొని వల అల్లుతున్నాడు.

"పెదబాపూ, ఒక కాయితం రాసియ్యాలె."

"రాసిస్త తియ్యి. ఏమని?"

"పరమేషన్నకు ఈత రాదని."

నారయ్య నవ్వబోయాడు. తల్లీబిడ్డల మొహాలు చూసి నవ్వు మింగాడు. సంగతంతా విన్నాక వల పక్కన పెట్టాడు.

"బిడ్డా, ముందటేడు చెరువు నిండి అలుగు పారినప్పుడు కొట్టుకపోయే బర్రెను ఒడ్డుకు తెచ్చింది వాడు. ఊరంత చూసింది. వానికి ఈత రాదని రాస్తే నా చెయ్యి ఇరగదా?"

"ఇరిగితే కట్టు కట్టిస్త బావా," అంది బుగ్గమ్మ. "ఒంటి చేత్తో గూడ వల అల్లుతవ్, నాకు తెల్వదా నీ పనితనం?"

"నవ్వులాట గాదు బుగ్గమ్మా. ఆ దినం వానితోని పాసైనోళ్లు పదిహేడు మంది. ఒక్కని కాయితం ఉత్తదని నేనే ముద్రేసి ఇస్తే, కడమ పదహారు మందివి నిజమని ఎవడు నమ్ముతడు? రేపు ఎవడన్న కోర్టుకు పోతే చెరువు మీద హక్కుకు నీళ్లొదులుకున్నట్టే."

"చెరువు ఏడికి పోదు. ఎల్లుండి గూడ ఉంటది. శుక్రారం దాటినంక నా కొడుకు ఉంటడా, గది చెప్పు."

నారయ్య లేచాడు. లోపలికి పోయి సంఘం లెటరుప్యాడు, ముద్ర తెచ్చాడు. మనోజ చెప్తూ ఉంటే రాశాడు. "పరీక్ష నాడు పొరపాటున ఇంకొకరి బదులు ఇతని పేరు ఎక్కినది. ఇతనికి ఈత..." అక్కడ కలం ఆగింది. చేతి వేళ్లతో మీసం తుడుచుకొని, "రాదు" అని రాశాడు. ముద్ర కొట్టి కాయితం ఆమె చేతిలో పెట్టాడు.

"మన ఇంట్ల ఈత రానోడు పుట్టిండని నా చేతనే రాయిపిచ్చినవ్ గదనే."

మనోజ ఆ కాయితాన్ని ఫోన్‌తో రష్యా భాషలోకి మార్చి, అక్కడికక్కడే రెండూ కలిపి సంజీవ నంబరుకు పంపింది. కాసేపటికి చూసినట్టు నీలి గీతలు పడ్డాయి. ఆమె ఫోన్‌ను కండ్లకద్దుకుంది. తన చేత్తో చేసిన తప్పును తన చేత్తోనే దిద్దుకున్నానన్న ధైర్యం వచ్చింది. తల్లికి మాత్రం ఆ తప్పు సంగతి చెప్పలేదు. అన్న ఇంటికొచ్చాక చెప్తే సరిపోతుందనుకుంది.

బుధవారం సెలవు పెట్టి తల్లితో మార్కెట్‌లో కూర్చుంది. బుగ్గమ్మ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. అప్పుడే ఒకాయన స్కూటరు దిగకుండానే రవ్వ చేప తూకం వేయించుకున్నాడు. బుగ్గమ్మ పొలుసు తీస్తోంది. ఫోన్ మోగింది.

"ఆఫీసరు కాయితం చూసిండా అన్నా?"

"చూసిండు. నవ్విండు." పరమేష్ గొంతు తగ్గించాడు. "ఈత రాదన్నోళ్లందర్నీ రేపు పొద్దుగాల నీళ్లల్ల దింపి చూస్తడట."

"మునిగితే?"

"మునిగినోడు నిజం చెప్పినట్టు." ఫోన్‌లో గాలి చప్పుడు. "మనోజా, నాకు మునుగుడు ఎట్లనో తెల్వదే. నీళ్లు తాకితే చేతులు వాటంతట అవే ఆడతయ్. అవ్వకియ్యి ఫోన్."

బుగ్గమ్మ పొలుసులంటిన చేత్తోనే ఫోన్ అందుకుంది. సంగతి విన్నది. కత్తిపీట పక్కకు జరిపింది.

"అవ్వా, జల్ది జెయ్యి. ఇంటికాడ మసాల నూరి పెట్టిండ్రు," అన్నాడు స్కూటరాయన.

"ఆగు కొడుకా, నీ మసాల ఏడికి ఉరకదు." ఫోన్‌లోకి వంగింది. "పరమేషూ, చెప్తున్న, మంచిగ విను. ఈత రానోడు కాళ్లు ఆడియ్యడు. సైకిల్ తొక్కినట్టు కిందికి తొక్కుతడు. చేతులు ముంగటికి చాపకు. మీదికెయ్యి, నిచ్చెన ఎక్కినట్టు. మెడ ఎనక్కి పడాలె. నోరు తెరిచి పెట్టు. అరువకు. సినిమాలల్ల అరుస్తరు గాని, మునిగేటోనికి అరిచే ఊపిరి ఏడుంటది?"

"ఊఁ."

"దిగేముందు ఊపిరి మొత్తం ఇడిచిపెట్టు. గుండెల గాలి ఉంటే బెండు లెక్క తేలుతవ్. నీకు ఐదేండ్లప్పుడు గాలి పీల్చుమని వీపు మీద గుద్ది నేర్పిన గదా, ఇప్పుడు గది మర్చిపో. రెండుసార్లు మునుగు."

"మూడోసారి?"

"మూడోసారికి వాళ్లు తియ్యాలె." బుగ్గమ్మ ఫోన్‌ను చెవికి అదుముకుంది. మళ్లీ అంది. "తియ్యకుంటే ఈదు. కాయితం గీయితం మన్నువడనీ. ఈదు బిడ్డా."

స్కూటరాయన ఎప్పుడో ఇంజను బందుచేశాడు. సగం పొలుసు తీసిన చేపను తానే సంచిలో వేసుకొని, పైసలు తట్టలో పెట్టి, బండిని కొంచెం దూరం తోసుకుంటూ పోయాక స్టార్ట్ చేసుకున్నాడు.

గురువారం పదకొండింటి దాకా ఫోన్ రాలేదు. పన్నెండున్నరకు వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంట్లో నేల మీద కూర్చొని ఇద్దరూ విన్నారు.

"అవ్వా, నువ్వు చెప్పినట్టే చేసిన. ఆ సలికి చేతులే ఆడలే, గదొకటి మంచిదైంది. రెండుసార్లు మునిగిన. ఆఫీసరు చెయ్యి ఊపితే ఇద్దరు దిగి నన్ను గుంజి ఒడ్డు మీద ఏసిండ్రు. ఇగ బతికిన అనుకున్న. నా ఎనుక సంజీవను దింపిండ్రు. వానికి నిజంగనే రాదు. బీదర్ల వానికి నీళ్లంటే బోరు నీళ్లే. అరువలే అవ్వా. నువ్వు చెప్పినట్టే, నిచ్చెన ఎక్కినట్టు చేతులు వేసిండు. ఇద్దరు దోస్తులు ఒక్కతీర్గ మునుగుతుండ్రు, నాటకమాడుతుండ్రని వాళ్లు నవ్వుకుంట నిలవడ్డరు. పిలగాడు మంచు పలక కిందికి పోయిండు. నేను సోంచాయించలే. దుంకిన. జుట్టు పట్టి తీసుకొచ్చిన. ఒడ్డుకొచ్చి చూస్తే ఆఫీసరు సప్పట్లు కొడుతుండు."

మెసేజ్‌లో ఎవరో దగ్గారు. మళ్లీ పరమేషే.

"కోపం గూడ చేయలే వాడు. మంచి ఈతగానివి అన్నడట. రేపు అందరికంటే ముందు నేనే పోవాలె. నడుముకు తాడు కట్టుకొని అవతలికి ఈది, ఆడ చెట్టుకు కడితే, ఆ తాడు పట్టుకొని పడవలు వస్తయట. రబ్బరు అంగీ ఇచ్చిండ్రు, సలి కొడతలేదు, ఫికర్ చెయ్యకుండ్రి. ఇంకోటి అవ్వా. ఆ సంఘం కాయితం నా ఫారం ఆఖరికే ఉన్నది, ఇయ్యాల చూసిన. మనోజను తిట్టకు. నేనే రాయమన్న."

మెసేజ్ అయిపోయింది. బుగ్గమ్మ బిడ్డ దిక్కు తిరిగింది.

"నిన్నెందుకు తిట్టొద్దంటుండు?"

మనోజ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని చెప్పింది. ఆ గడి, ఆ కాయితం, ఆ ఆఖరి పేజీ. "ఒక్క గడి ఖాళీ ఇడిచిపెడితే అన్న ఎనుక మూటలు మోసుకుంటుండె. మొన్న రెండో కాయితం పంపకపోతే ఈత వచ్చినోళ్ల గుంపుల ఒకడై పోతుండె, ఒక్కడే అందరికంటే ముందు గాదు. రెండుసార్లు నేనే అవ్వా. తిట్టు. కొట్టు."

బుగ్గమ్మ కొట్టలేదు.

"ఆ కాయితం నీ చేతికెట్ల వచ్చిందే?"

"నువ్వే పెట్టెలకెల్లి తీసిచ్చినవ్."

"మరి? చీర మడతల దాచిన దాన్ని తీసి, ఇది గూడ పెట్టు, నా కొడుకు ఫస్టొచ్చిండని వాళ్లకు తెల్వాలె అన్న. నువ్వు మర్చిపోయినవేమో, నేను మర్చిపోలే. మంగళారం నుంచి నాకు గదే యాదికొస్తుంది." ఫోన్ చేతిలోకి తీసుకొని అంది. "ఆ పిలగాని కోసం ఎందుకు దుంకినవ్‌రా అని అడగబుద్ధైతుంది. అడిగితే నేనేం తల్లిని?"

ఆ మధ్యాహ్నమంతా మనోజ ఫోన్ కింద పెట్టలేదు. ఢిల్లీ నంబరుకు చేసింది. రాయబార కార్యాలయానికి మెయిల్ మీద మెయిల్ పెట్టింది. పేరు, పాస్‌పోర్టు నంబరు రాసుకున్నామమ్మా అన్నారు. అవి వాళ్ల దగ్గర ఇదివరకే ఉన్నాయి. తర్జుమా చేసే మనిషికి చూపమని, దండాలు పెడుతూ సంజీవ నంబరుకు మెసేజ్ రాసింది. ఒకటే గీత పడింది, చేరలేదు. నారయ్య వచ్చి గడపలో కూర్చొని, చీకటి పడ్డాక పోయాడు.

శుక్రవారం పొద్దున టీవీ పెడితే దాడి మొదలైందని చెప్పారు. అదే మ్యాపు, అవే ఎర్ర బాణాలు. ఏ బాణం ఎక్కడ నది దాటుతుందో చెప్పలేదు. బుగ్గమ్మ లేచి కొంగు దోపుకుంది.

"ఇంట్ల కూసుంటే గోడలు మీద పడుతున్నయ్. నేను మార్కెట్ పోత."

మనోజ కూడా పోయింది. ఆ రోజు బుగ్గమ్మ బేరమాడలేదు. అడిగినంతకు ఇచ్చింది. ఒకామె జెల్ల చేపలు అడిగితే రవ్వ కోసిచ్చింది. ఆమె ఏదో అనబోయి, పక్క తట్ట కాడి ఆమె సైగ చేస్తే, మాట్లాడకుండా తీసుకుపోయింది.

ఒకటిన్నరకు ఫోన్ మోగింది. అదే నంబరు.

"అన్నా!"

"అక్కా, నేను సంజీవ." చిన్న గొంతు. పళ్లు తాకుతున్న చప్పుడు వినబడుతోంది. "నాకు తెలుగు జర జర వస్తది. అన్న పోయిండు అక్కా. ఈదుకుంట పోయిండు."

"చేరిండా?"

"మంచు పొగ అక్కా. అవతలి ఒడ్డు కనవడదు. నాకు ఈత రాదని తెల్సింది గదా, నన్ను ఒడ్డు మీద ఉంచిండ్రు. తాడు నేనే పట్టుకున్న. ఇట్ల ఇట్ల ఇడుస్తుంటే అన్న గుంజుకుంట పోయిండు. మస్తు దూరం పోయింది తాడు. అప్పుడు ఆగింది."

బుగ్గమ్మ ఫోన్ గుంజుకుంది. మనోజ స్పీకర్ నొక్కింది.

"బిడ్డా, నేను పరమేష్ తల్లిని. తాడు ఆగినంక ఎట్లుండె? వదులుగ నీళ్లల్ల పడ్డదా, బిగువుగున్నదా?"

"బిగువుగ ఉండె అమ్మా. గట్టిగ. నా చేతులు కోసుకుపోయినయ్."

"బిగువుగున్నదా!" బుగ్గమ్మ బిడ్డ చెయ్యి పట్టుకుంది. "తర్వాత?"

"తర్వాత బాంబులు పడ్డయ్ అమ్మా. డ్రోన్లు వచ్చినయ్. పడవలు పోలే. ఎనక్కి ఉరుకుమన్నరు. తాడు ఇడిచిపెట్టి ఉరికినం." పిలగాడు ఏడ్వడం మొదలుపెట్టాడు. "నేను ఇడవలే అమ్మా ముందుగాల. కొట్టి ఇడిపిచ్చిండ్రు. నన్ను అన్న తీసిండు నీళ్లల్లకెల్లి, నేను తాడు ఇడిచిన..."

లైను తెగిపోయింది.

బుగ్గమ్మ ఫోన్‌ను అట్లాగే పట్టుకొని ఉంది. "బిగువుగున్నదట," అంది పక్క తట్ట కాడి ఆమెతో. "బిగువుగున్నదంటే చేరి కట్టినట్టే గదనే?"

ఆమె అవునన్నట్టు తలూపింది.

మనోజ తలూపలేదు. ఆమె కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. చిన్నప్పుడు నాయిన వెంట పడవలో కూర్చొని వల తాడు పట్టుకున్న మనిషే. అలుగు కాడ నీళ్లు గుంజినా తాడు బిగుస్తుంది. కొస కట్టుకున్నది ఏదైనా సరే, పారే నీళ్లు దాన్ని తీసుకుపోతుంటే, చేతులు కోసుకుపోయేంత బిగుస్తుంది. ఆ మాట తల్లికి చెప్పడం దేనికి? బుగ్గమ్మ తట్టలోని చేపలు అటూ ఇటూ జరిపింది. తర్వాత తానే అంది.

"మళ్ల జెయ్యి ఆ పిలగానికి. తాడు ఊగిందా అడుగు. మనిషి చెట్టుకు కడుతుంటే ఊగుతది, ఆగి ఆగి గుంజుతది. నీళ్లయితే ఒక్కతీర్గ గుంజుతయ్. అడుగు బిడ్డా, ఊగిందా అని గంతే."

మనోజ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. తట్ట ముందర నిలబడ్డ ఎవరో కిలో ఎంత అని అడుగుతున్నారు. ఆమె మళ్లీ చేసింది.